అంబాసిడర్ బెంచీ సీట్లు: ముందు కుట్టే మనిషి, తర్వాతే మెటీరియల్

బండి 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4. గేరు స్టీరింగ్ పక్కనే, ముందూ వెనకా బెంచీ సీట్లు. యజమాని నాన్నగారు పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్టుకొమ్మ పడి వెనక అద్దం పగిలింది, వానంతా లోపలికే కురిసింది. తర్వాత అద్దం మార్చారు, కార్పెట్ ఎండబెట్టారు, సీట్లు మాత్రం పైపైన తుడిచి వదిలేశారు. ఏళ్ల తర్వాత ఇంజను, పెయింటు పని పూర్తి చేయించి, ఇంటీరియర్ కోసం వైజాగ్ అక్కయ్యపాలెంలోని మా షాపుకి తెచ్చారు. డోరు తీయగానే తడి గోనె వాసన. సీటు మీద చేత్తో నొక్కితే లోపల స్ప్రింగు కిర్రుమంది.

కొడుకు గారు ఫోన్‌లో ఫొటోలు చూపించారు. టాన్ రంగు అసలు లెదర్, డైమండ్ కుట్టు, డోర్ ప్యాడ్లు కూడా అదే. పక్కన నిలబడ్డ పెద్దాయన, బండి కొన్న ఆ నాన్నగారు, కోరింది వేరు. "మెత్తగా లేకపోయినా పర్లేదు బాబూ, కూర్చుంటే జారకూడదు. ఎండాకాలం వీపు కాలకూడదు." చివరికి పని పెద్దాయన చెప్పిన దారిలోనే నడిచింది. రంగు ఒక్కటే కొడుకు గారిది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లంతా ముందు అడిగేది మెటీరియల్ ఎక్కడ దొరుకుతుందని. మంచి రోల్ కొనేసి, దాన్ని పట్టుకుని టైలర్ కోసం తిరుగుతారు. నా లెక్కలో ఇది తిరగేసిన పద్ధతి. ఎవరు కుడతారో, ఏ మిషన్ మీద కుడతారో తేలాక, ఆ మిషన్ లాగగలిగిన మెటీరియల్ కొనాలి. సీటు అంచు దగ్గర పైగుడ్డ, దాని కింద ఫోమ్, పైపింగ్ (అంచు వెంట వేసే సన్నటి గుండ్రటి పట్టీ) రెండు మడతలు, పక్క ప్యానెల్, అన్నీ ఒకే కుట్టు కిందకు వస్తాయి. మామూలు మిషన్ అక్కడ ఆగిపోతుంది. లేదా కింది పొరను లాగి పై పొరను వెనక వదిలేస్తుంది. అప్పుడు మీటరు ఎంత పెట్టి కొన్నా చివర్లో మెలి తిరిగిన పైపింగే మిగులుతుంది.

కుట్టే చేతులు

వైజాగ్‌లో ఈ పనికి పనికొచ్చే చేతులు ఉన్నాయి కానీ ఒకే చోట లేవు. కంచరపాలెం నుంచి గాజువాక దాకా మెయిన్ రోడ్డు పొడవునా బైకు సీట్లు, ఆటో సీట్లు కుట్టే రెక్సిన్ టైలర్లు కనిపిస్తారు. చాలామంది దగ్గర కాలితో తొక్కే అంబ్రెల్లా మిషన్ ఉంటుంది. నెమ్మదిగా నడుస్తుంది, మందం ఎంతున్నా దిగుతుంది. వీళ్లు కొలత రాసుకోరు. గుడ్డ సీటు మీద పరిచి సుద్దముక్కతో గీసి, అక్కడే కోస్తారు. ఆటోనగర్ వైపు లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్ల చేతికి బలం ఉంది, కానీ సీటు మీద కనిపించే కుట్టు వాళ్ల చేత వేయించను. సోఫా వర్క్‌షాపుల్లో కొందరి దగ్గర కాంపౌండ్ ఫీడ్ మిషన్లు ఉన్నాయి. ఇందులో కింది పళ్లు, సూది, పైన నొక్కే పాదం మూడూ కలిసి గుడ్డను ముందుకు జరుపుతాయి, కాబట్టి పొరలు ఒకదాని మీద ఒకటి జారవు. కారు సీటుకి కావలసిన మిషన్ ఇదే.

ఇంకో వర్గాన్ని మా పనివాళ్లు పట్టించుకోరు. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అపారెల్ సిటీ వచ్చాక ఈ చుట్టుపక్కల జుకీ మిషన్ (బట్టల ఫ్యాక్టరీల్లో వాడే కరెంటు కుట్టు మిషన్) మీద కూర్చోగల ఆడవాళ్లకు కొదవ లేదు. పెళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో ఉద్యోగం మానేసి, ఇంట్లోనే సెకండ్‌హ్యాండ్ మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతున్నవాళ్లు చాలామంది. చేతిలో ఫ్యాక్టరీ క్రమశిక్షణ ఉంది, వాడుకునేవాళ్లు లేరు.

నేను అందరికీ ఒకటే పరీక్ష పెట్టాను. రెండు రెక్సిన్ ముక్కలు, మధ్యలో 10 మిల్లీమీటర్ల ఫోమ్, అంచుకి పైపింగ్, ఒక గుండ్రటి మూల. అందరికీ ఒకే రోల్‌లోంచి, ఒకే సైజులో. కుట్టాక మూడు చూశాను: మూలలో పైపింగ్ ఒకే లావులో తిరిగిందా, రెండు పొరల చివర్లు ఒకే చోట ముగిశాయా, వెనక్కి తిప్పితే కింది దారం ఉచ్చులు కడుతోందా.

బైకు సీట్ల మాస్టారి మూల చూడముచ్చటగా వచ్చింది. వరస కుట్టు మాత్రం వంకర. కూర్మన్నపాలెంలో ఇంటి దగ్గర కుట్టే గార్మెంట్ అనుభవం ఉన్న ఆమెది సరిగ్గా దీనికి తలకిందులు. వరసలు గీత గీసినట్టు ఉన్నాయి, మూల దగ్గర ఆమె జుకీ మొరాయించింది. ఆమెది మామూలు జుకీ, సర్వో మోటారు బిగించింది. ఒక్కో కుట్టు చొప్పున కూడా నడపగలదు. అది మాకు చాలా కలిసొచ్చింది.

ఇద్దరిలో ఎవరో ఒకరిని ఎంచుకోవాలని ముందు అనుకున్నా, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాక పనినే రెండుగా కోశాను. సీటు మధ్యలో వచ్చే ప్లీట్స్ (నిలువు గీతల కుట్టు) ప్యానెళ్లు, డోర్ ప్యాడ్ల వరస కుట్లు ఆమెవి. పైపింగ్ వేసి ప్యానెళ్లు కలపడం, ఫ్రేముకి బిగించడం మాస్టారివి. కలిపే కుట్టుకి ఆయన అంబ్రెల్లా మిషన్ కాకుండా, తెలిసిన సోఫా వర్క్‌షాపులో కాంపౌండ్ ఫీడ్ మిషన్ సాయంత్రం పూట అద్దెకు మాట్లాడాం.

కాగితం మీద బాగానే ఉంది. మొదట్లో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ఆమెది సెంటీమీటరు, ఆయనది అంగుళం. ఆమె "కుట్టు మార్జిన్ ఎంత వదలాలన్నయ్యా?" అని అడిగేది. ఆయన "ఏటమ్మా, వదిలినంత వదులు, ఫిట్టింగ్‌లో నేను చూసుకుంటా" అనేవారు. పాపం ఆయన తప్పేం లేదు, కోత, కుట్టు, బిగింపు అన్నీ ఒకే మనిషి చేసినప్పుడు అలా చూసుకోవచ్చు. కోసేది ఒకరు, కుట్టేది మరొకరు అయితే చెల్లదు. అందుకని మార్జిన్ అంతటా అర అంగుళం అని ఖాయం చేసి, ప్రతి అంచు మీద జతపడే గుర్తులు కోయించాను. గార్మెంట్ వాళ్లు దీన్నే నాచ్ అంటారు. గుర్తుకు గుర్తు కలిస్తే సరే, కలవకపోతే అక్కడే ఆగాలి. దీంతో గొడవ సద్దుమణిగింది.

ఆమె మార్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బట్టకి గుండుసూది గుచ్చి, కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. రెక్సిన్‌కి పడ్డ రంధ్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి సూదుల బదులు కాగితాలకు పెట్టే క్లిప్పులు. కుట్టు పొడవు కూడా బట్టకి వేసినంత చిన్నది పనికిరాదు. దగ్గర దగ్గరగా గుచ్చితే చిల్లుల వరస పడి, స్టాంపు చింపినట్టు ఆ గీత వెంటే చినుగుతుంది. మేం నాలుగున్నర మిల్లీమీటర్లు పెట్టాం. లెదర్ సూది కొన తొక్కను కోసుకుంటూ దిగుతుంది, దాన్ని రెక్సిన్‌కి వాడనివ్వలేదు. గుండ్రటి కొన ఉన్న 18 నంబరు సూది వాడాం. ఆమె మిషన్‌కి మామూలు పాదం తీసేసి టెఫ్లాన్ పాదం బిగించాం. ఇనుప పాదానికి రెక్సిన్ అతుక్కుని పై పొర వెనకబడుతుంది, టెఫ్లాన్ కింద జారిపోతుంది.

దారం విషయం కాస్త వివరంగా చెప్పాలి. షాపులో 'నైలాన్ దారం ఇవ్వండి' అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. అడగవలసింది టికెట్ నంబరు. ఇది తలకిందుల లెక్క, నంబరు తగ్గేకొద్దీ దారం లావు. ప్యానెళ్ల వరసలకు 40, కలిపే కుట్లకు 30 తీసుకున్నాం. బాండెడ్ నైలాన్ బలమైనదే కానీ ఎండకు పాలిస్టర్ అంత ఓర్చుకోదు. వెనక సీటు పైఅంచు అద్దం కిందే ఉంటుంది, రోజంతా ఎండ. అందుకే మొత్తం బాండెడ్ పాలిస్టర్‌తోనే కుట్టించాం. చీరల ఫాల్స్ కుట్టే కాటన్ దారంతో కారు సీటు కుట్టినవాళ్లను చూశాను, మళ్లీ సీటు మన దగ్గరికే వస్తుంది.

లెదర్ ఎందుకు వద్దన్నాం

కారు సీట్ల లెదర్‌కి చెన్నై పెరియమేట్ మనకు దగ్గర మార్కెట్. శాంపిళ్లు తెప్పించి చూపించాం కూడా. లెదర్ మీటర్లలో రాదు, చర్మం లెక్కన చదరపు అడుగుల్లో వస్తుంది. అంచుల్లో మచ్చలు, గీతలు, పలచటి చోట్లు వదిలేయాలి. నాలుగడుగుల వెడల్పున్న బెంచీకి అతుకు లేకుండా ముక్కలు తీయాలంటే వృథా చాలా ఎక్కువ. ఖర్చు పక్కన పెట్టినా అసలు సమస్య వేరే ఉంది. ఈ బండి వారానికి ఒకసారి బీచ్ రోడ్డు మీద తిరిగి షెడ్డులోకి పోతుంది. మన సముద్రపు తేమలో మూసి ఉంచిన కారులో లెదర్‌కి బూజు పట్టడం ఖాయం. రోజూ తుడిచేవాళ్లుంటే సరే.

తర్వాత పీయూ, అంటే పాలీయురెథేన్ పూత ఉన్న కృత్రిమ లెదర్. చేతికి లెదర్ కంటే హాయిగా ఉంటుంది, షాపువాళ్లు ముందు చూపించేది అదే. మామూలు రకం పీయూకి గాలిలో తేమే శత్రువు. తేమతో రసాయనికంగా విరిగి, పై పొర పొట్టులా రాలిపోతుంది. వాడకపోయినా రాలుతుంది. మీ ఇంట్లో హ్యాండ్‌బ్యాగు అల్మరాలోనే పొట్టు రాలి ఉంటే అదే కథ. పాలీకార్బొనేట్ రకం పీయూ దీన్ని బాగా తట్టుకుంటుంది గాని, అదేనని రాసిచ్చే అమ్మకందారు నాకు దొరకలేదు. కాబట్టి పీవీసీ, మనం రెక్సిన్ అనేదే. కొడుకు గారి ముఖం కొంచెం వాడింది. పీవీసీ అంటే ఆటో సీటు గుర్తొస్తుంది మరి.

షాపులో అన్నిటినీ లెదరైట్ అనే అమ్ముతారు, ఏది పీవీసీయో ఏది పీయూయో చెప్పినదాన్ని బట్టి నమ్మలేం. దీనికో పాత పరీక్ష ఉంది. రాగి తీగను గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, ముక్క పై పూతకు తాకించి, అంటుకున్న దానితో సహా మళ్లీ మంటలో పెట్టాలి. ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉంది, అంటే పీవీసీ. ఆ పొగ పీల్చకూడదు, ఆరుబయట చేయండి. పీవీసీ అని చెప్పి ఇచ్చిన శాంపిళ్లలో ఆకుపచ్చ రానిది కూడా తగిలింది.

రెండో పరీక్ష సీసా. చేతి వెడల్పు ముక్కను గాజు సీసాలో వేసి మూత బిగించి, మధ్యాహ్నం ఎండలో డాబా మీద పెడితే, పీవీసీని మెత్తగా ఉంచే నూనె నాసిరకమైతే సీసా లోపల జిడ్డు పొర కడుతుంది. కారులో అదే పొర ముందు అద్దం మీద పడుతుంది, రాత్రి ఎదురు లైట్లకు కళ్లు చెదురుతాయి. కొత్త కవర్లు వేయించాక అద్దం ఎంత తుడిచినా మసకగా ఉందని అనేవాళ్లకు కారణం ఇదే కావచ్చు.

మూడోది, ఎవరు కుడతారో ఆ మిషన్ మీదే కుట్టి, రెండు చేతులతో లాగి చూడటం. కుట్టే మనిషిని ముందు కుదుర్చుకోమన్నది ఇందుకే. మాకు నచ్చిన ఒక మందపాటి శాంపిల్ ఆమె మిషన్ మీద నాలుగు పొరలకే సూది వంచేసింది. పక్కన పెట్టేశాం. చివరికి తీసుకున్నది 1 మిల్లీమీటరు మందం, వెనక నేత గుడ్డ ఉన్న రకం. వెనక అల్లిక గుడ్డ ఉన్నది అన్నివైపులా సాగుతుంది, ఇప్పటి బకెట్ సీట్ల వంపులకు అదే మంచిది. బల్లపరుపు బెంచీకి సాగని నేత గుడ్డే నిలబడుతుంది. అలాంటి గుడ్డతో పైపింగ్ పట్టీలు మాత్రం ఏటవాలుగా కోయాలి, నిలువుగా కోస్తే మూలలో ముడతపడుతుంది.

మంట సంగతి కూడా అడగండి. వాహనాల లోపలి మెటీరియల్‌కి మన దేశంలో ఐఎస్ 15061 ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణంలో ముక్కను అడ్డంగా పట్టి అంటించినప్పుడు మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. సోఫాకి అమ్మే రెక్సిన్‌కి ఈ కాగితం ఉండాలని లేదు. కారు గ్రేడ్ అన్నవాళ్లను రిపోర్టు అడిగితే సగం మంది మాట మారుస్తారు.

పన్నా 54 అంగుళాలు. ప్యానెళ్లన్నీ కాగితం మీద పరిచి చూస్తే రెండు బెంచీలు, నాలుగు డోర్ ప్యాడ్లు, పైపింగ్ కలిపి 8 మీటర్లు తేలింది. 10 తీసుకున్నాం, ఒకే రోల్‌లోంచి. రెండో లాట్ వస్తే టాన్ రంగులో తేడా నీడలో కనిపించదు, ఎండలో పట్టిస్తుంది. పార్సిల్‌లో మడత పెట్టి పంపకూడదనీ, ట్యూబుకి చుట్టాలనీ ఆర్డరు మీదే రాయించాం. అయినా మొదటిసారి మడతల్తోనే వచ్చింది, వెనక్కి పంపాం. మడత గీత మీద సీటు కోస్తే ఆ గీత ఎప్పటికీ పోదు.

లోపలి పని

ఇది త్వరగా ముగిస్తాను, ఎవరైనా చేయగలిగిందే. పాత కవరు విప్పితే గోనె చివికి పొడైంది, కొబ్బరి పీచు ముద్దకట్టింది. స్ప్రింగులు బాగున్నాయి, ఫ్రేము అడుగున మాత్రం ఉప్పు తుప్పు. వైరు బ్రష్ కొట్టి, రెడాక్సైడ్ వేసి, రెండు అతుకులు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాం. స్ప్రింగులు ఒకదానితో ఒకటి కట్టడానికి ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల దుకాణంలో మెలిపెట్టిన నైలాన్ తాడు కొన్నాను. జనపనార తేమకు చివుకుతుంది, ఇది చివకదు. ప్లాస్టిక్ తాడు ఇవ్వబోతే వద్దన్నాను, నున్నగా ఉండి ముడి జారుతుంది. నైలాన్ కొంచెం సాగుతుంది కాబట్టి కట్టేటప్పుడే గట్టిగా లాగి ముడి వేయాలి. దాని మీద మందపాటి కాన్వాస్, పరుపుల దుకాణంలో దొరికే రబ్బరైజ్డ్ కాయిర్ షీటు, పైన 40 డెన్సిటీ ఫోమ్ ఒక అంగుళం. చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డ ఊళ్లో గోనెగుడ్డ వద్దనుకోవడం కొంచెం బాధే.

డోర్ ప్యాడ్లకు పాత హార్డ్‌బోర్డు వంకర తిరిగింది. అదే ఆకారంలో 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, ఐఎస్ 710 ముద్ర చూసి, కోయించాం. డోరుకీ ప్లైకీ మధ్య పాలిథిన్ కాగితం తప్పనిసరి. అద్దం సందుల్లోంచి డోరు లోపలికి వాన నీరు దిగుతూనే ఉంటుంది.

ప్యాటర్న్, ప్లీట్స్

పాత కవరు విప్పి దాని మీద పెట్టి కోయడం చాలామంది చేసేది. ముప్పై ఏళ్లు మనుషులు కూర్చున్న కవరు సాగి ఉంటుంది. లోపల ఫోమ్ కూడా మారింది కాబట్టి కొలత అసలే కలవదు. పాతదాన్ని ఏ ముక్క ఎక్కడ కలుస్తుందో తెలుసుకోవడానికి మాత్రమే వాడి, కొత్త ఫోమ్ బిగించిన సీటు మీద పారదర్శకమైన పాలిథిన్ పరిచి మార్కరుతో గీశాం. కింద ఫోమ్ కనిపిస్తుంది, గీత తప్పదు.

డైమండ్ కుట్టు కాదని నిలువు ప్లీట్స్ అన్నప్పుడు కొడుకు గారు ఒప్పుకోవడానికి కారణం పాత అంబాసిడర్ల ఫొటోలు. ఆ బెంచీకి నిలువు గీతలే అందం. వాటి మధ్య సందుల్లో గాలి ఆడుతుంది, వీపు పూర్తిగా రెక్సిన్‌కి అంటుకోదు. పెద్దాయన అడిగింది కూడా అదే కదా.

ప్లీట్స్‌లో మోసం ఒకటుంది. ఫోమ్ మీద కుట్టు దిగినప్పుడల్లా గుడ్డ కొంత లోపలికి పోతుంది. రెండంగుళాలకు ఒకటి చొప్పున పది గీతలు గీసి ముందు ఒక ముక్క కుట్టించాం. గీసింది 20 అంగుళాలు, కుట్టాక 19 పావు. నాలుగడుగుల బెంచీకి ఇది దాదాపు రెండంగుళాలు, ముందే కలపకపోతే కవరు ఎక్కదు. ఫోమ్ మందం మారితే ఈ లెక్కా మారుతుంది, కాబట్టి నా అంకె వాడకండి, మీ ముక్క మీరు కుట్టి కొలవండి. ఆమె ఇంకొకటి గమనించింది. కుట్లన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెడితే ప్యానెల్ పక్కకు వాలుతుంది. అందుకని నడి గీత ముందు కుట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ వెళ్లింది. ఇది నేను చెప్పింది కాదు.

ఫిట్టింగ్ రోజు కవర్లను ముందు ఎండలో పరిచాం. వేడికి పీవీసీ మెత్తబడి లాగినట్టు వస్తుంది, చల్లారాక బిగుస్తుంది. ఫ్రేముకి బిగించే సి-రింగులు గాల్వనైజ్డ్‌వి తీసుకున్నాం. మామూలు ఇనుము ఇక్కడి గాలికి తుప్పు పట్టి గుడ్డను కొరికేస్తుంది. మాస్టారు మధ్యలోంచి మొదలుపెట్టి మూలలు చివరికి వదిలారు. వెనక సీటు ఎడమ మూల ఆయనకు నచ్చక మొత్తం విప్పి మళ్లీ బిగించారు.

కూలి గురించి. ఆమెకు ప్యానెల్ లెక్క, ఆయనకు సీటు లెక్క మాట్లాడాను. రోజు కూలి ఇస్తే తొందరపెట్టే హక్కు నాకొస్తుంది, ఈ పనిలో తొందర మంచిది కాదు. పరీక్ష ముక్కలకు విడిగా డబ్బిచ్చాను. ఉచితంగా కుట్టించుకుంటే ఎవరూ మనసుపెట్టి కుట్టరు. మొత్తం బిల్లులో పైన కనిపించే మెటీరియల్ వాటా సగం కూడా లేదు.

ఈ పని చూసి ఒకాయన కొత్త హ్యాచ్‌బ్యాక్ తెచ్చి ఇలాగే కుట్టమన్నారు. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉంది. ఆ పక్క కుట్టు బ్యాగు విచ్చుకునే క్షణంలో తెగేలా, లెక్క ప్రకారం బలహీనమైన దారంతో వేసి ఉంటుంది. మన 30 నంబరు పాలిస్టర్‌తో అక్కడ కుడితే తెగవలసింది తెగదు. పైన ఇంకో కవరు తొడిగినా అంతే ప్రమాదం. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లలో ముందు ఇద్దరికీ సీటు బెల్టు రిమైండర్ తప్పనిసరి, కాబట్టి డ్రైవరు పక్క సీటులో మనిషి కూర్చున్నాడో లేదో చూసే సెన్సర్ షీటు కూడా ఉంటుంది. వెనక సీటు మాత్రం చేసి ఇచ్చాం, ముందువి ముట్టుకోలేదు. ఆయనకు కోపం వచ్చింది, రానీ.

అంబాసిడర్ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటింది. ప్లీట్స్ వదులవలేదు, అద్దం మీద జిడ్డు లేదు. ముందు బెంచీ మీద డ్రైవరు దిగే వైపు అంచు పైపింగ్ కొద్దిగా నలిగింది. అక్కడ లోపల మరో పట్టీ వేయాలి, మాస్టారితో మాట్లాడాను. మిగిలిన ముక్కను ట్యూబుకి చుట్టి ఇంట్లో అల్మరాలో నిలబెట్టమన్నాం, డిక్కీలో వద్దు. పాలిథిన్ ప్యాటర్న్‌లు ఆమె దగ్గరే ఉన్నాయి. ఇంతా చేశాక పెద్దాయన సీట్ల మీద తెల్ల టర్కీ టవల్ కవర్లు కావాలన్నారు, ఆమే కుట్టింది, ఉతకడానికి తీసేలా అంచుకి ఎలాస్టిక్ పెట్టి. కొడుకు గారు ఎవరైనా బండి చూడటానికి వస్తే ముందు ఆ టవళ్లు తీసేస్తారట.